మాస్టరు ఎర్రబడ్డ రోజు

తనను మొదటిసారి చూసినప్పుడు తన మొగుడు చెవుల దాకా ఎర్రబడ్డాడన్న సంగతి కాజాలమ్మ ఎవరికీ చెప్పకుండా వదల్లేదు. పక్కింటావిడకు చెప్పింది. తోడికోడలికి వినీ వినీ విసుగొచ్చేదాకా చెప్పింది. ఒకసారి పంపు బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు, పాపం నీళ్ళలో తడుస్తూ, మొత్తం కథ విన్నాడు. నగలున్నవాళ్ళు నగల గురించి చెప్పుకుంటారు, స్థలాలున్నవాళ్ళు స్థలాల గురించి చెప్పుకుంటారు. ఆమెకున్న ఆస్తి ఆ ఎరుపొక్కటే.

అలా ఎందుకు దాన్ని పట్టుకు వేలాడిందో తెలియాలంటే మాస్టరు ఎలాంటి మనిషో తెలియాలి. కోట్లు కుట్టే షాపులో ఆయన కటింగ్ మాస్టరు. టేపు మెడలో, సుద్దముక్క చెవిపైన, కళ్ళు బట్ట మీద. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాంతో ఒక్క ముద్దు మాట మాట్లాడి ఎరగడు. "బాగుంది" అనే మాట ఆయన నోట్లోంచి రావాలంటే ఎదురుగా మంచి ఉన్ని బట్ట ఉండాలి. ఆమె కొత్త చీర కట్టుకుని నిలబడితే అంచు సరిగ్గా మడవలేదంటాడు. అలాంటి మనిషి ఒకప్పుడు తనను చూసి సిగ్గుతో కందిపోయాడంటే, ఇక ఏ ముద్దు మాటలూ అక్కర్లేదని కాజాలమ్మ లెక్క. ఎప్పుడు మనసు చివుక్కుమన్నా ఆ రోజును తీసి చూసుకునేది.

పైగా ఆ ఎరుపు అందరికీ కనిపించేది కాదు. మాస్టరు చామనఛాయ మనిషి. ఎర్రబడితే లోపలెక్కడో ఇటుక రంగు మెల్లగా పైకి తేలినట్టుంటుంది, అంతే. దాన్ని పట్టుకోవాలంటే చూసే కన్నుండాలి. ఆ కన్ను భూమ్మీద తనకొక్కదానికే ఉందని ఆమె గర్వం.

ఆమె కూడా అదే షాపులో పనిచేసేది. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, లోపలి అంచులు చేత్తో మడిచి కుట్టడం ఆమె పని. మిషను మీద వేసిన కాజాకూ చేత్తో కుట్టిన కాజాకూ తేడా తెలిసిన పెద్దమనుషులు ఆ షాపుకు ఇంకా వస్తుండేవారు. అందుకే ఆ పేరు. కిటికీ పక్క ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో ఒక గళ్ళ సంచీ పెట్టుకునేది. దారపు రీళ్ళు, సూదులు, వేలి తొడుగు, మైనం ముక్క అన్నీ దాంట్లోనే. షాపులో చేరిన కొత్తలో కాజాలు నేర్చుకోమని ఇచ్చిన గుడ్డ అది. పక్కా, ఒక కొసా మూసి కుట్టి సంచీ చేసుకుంది. తన మొదటి కాజాలు, నిద్ర కళ్ళలా సగం మూసుకుని, దాని మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఇలా ఉండగా ఇస్త్రీ ముసలాయన పని మానేశాడు. షాపాయన ఆయన వాడిన బొగ్గుల ఇస్త్రీ పెట్టెను అటకెక్కించి, ఆవిరితో నడిచే కొత్త ఇస్త్రీ మిషను కొన్నాడు. దాన్ని నడపడానికి ఒకావిడను పెట్టాడు. మిషనూ ఆవిడా ఒకే రోజు వచ్చారు.

ఆవిడ ముప్పై దాటిన మనిషి. గట్టిగా నవ్వుతుంది, నవ్వాక ఎదుటివాళ్ళు నవ్వారో లేదో చూస్తుంది. వచ్చిన గంటలోనే మాస్టరును "అన్నయ్యా" అనీ, కాజాలమ్మను "వదినా" అనీ వరసలు కలిపేసింది. నోటితో అన్నయ్య అనడానికి ఎవరికేం ఖర్చు అనుకుంది కాజాలమ్మ. ఆవిరి పొగల మధ్య జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉండే ఆ మనిషికి మనసులోనే ఆవిరమ్మ అని పేరు పెట్టేసింది.

ఉన్ని బట్టను కత్తిరించేముందు ఆవిరి పట్టించి ముందే కుంచించుకుపోయేలా చేయాలి. లేకపోతే కోటు కుట్టాక ముడుచుకుపోతుంది. అది జరిగేటప్పుడు మాస్టరు పక్కనే నిలబడి, బట్టను వేళ్ళతో తడిమి చూసుకుంటూ ఉంటాడు. మొదటి రోజు అలాగే వెళ్ళి నిలబడ్డాడు. తిరిగి తన బల్ల దగ్గరికి వస్తుంటే కాజాలమ్మ తలెత్తి చూసింది. సూది వేలిలో దిగింది.

ఆయన మొహం ఎర్రబడి ఉంది. బుగ్గలు, ముక్కు, నుదుటి మధ్య. ఆ ఇటుక రంగే. తనది అనుకున్న రంగు.

ఆ రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు కరువైంది. మనిషికి అసూయ పుడితే పని తెమలదంటారు గాని, కాజాలమ్మకు రెండు పనులూ తెమిలేవి. ఒక కన్ను కాజా మీద, ఒక కన్ను మొగుడి మీద. ఆవిరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఎర్రబడుతున్నాడు. ఆవిరమ్మ ఫ్లాస్కులోంచి పొగలు కక్కే టీ పోసిస్తే, రెండు గుక్కలు తాగేసరికి ఎర్రబడుతున్నాడు. మిట్టమధ్యాహ్నం ఇద్దరూ కలిసి గోదాము నుంచి బట్టల తానులు మోసుకొచ్చారు. ఆవిరమ్మ మామూలుగానే ఉంది, ఈయన మాత్రం కుంపట్లోంచి తీసినట్టున్నాడు. ఇంకో రోజు ఏకంగా కళ్ళు చెమర్చాయి. చొక్కా చేత్తో తుడుచుకుని, కళ్ళల్లో ఇసక పడ్డట్టుంది అన్నాడు. మూసిన గదిలో ఇసకెక్కడిది.

తన కోసం ఈ మనిషి కళ్ళు ఏనాడూ చెమర్చలేదు. తనకు టైఫాయిడు వచ్చినప్పుడు కూడా గంజి కాచి పక్కన పెట్టి, కొలతలు రాసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె చేతనైనంత చేసింది. ఆవిరి పట్టే పని నేను చేస్తానని ఎగబడి, మణికట్టు కాల్చుకుంది. ఆవిరమ్మే పరుగెత్తుకొచ్చి చల్లటి నీళ్ళ కింద చెయ్యి పట్టుకుని, "ఎందుకు వదినా, ఇది మొండి మిషను" అంది. ఆ మంచితనానికి ఇంకా ఒళ్ళు మండింది. ముక్కాలిపీట జరుపుకుని, వాళ్ళిద్దరికీ మధ్యలో కూర్చుంది. షాపాయన వచ్చి దారికి అడ్డమని మళ్ళీ కిటికీ దగ్గరికి పంపాడు.

తర్వాత ట్యూబు దొరికింది.

మాస్టరు సుద్దముక్కల డబ్బాలో, అడుగున, కాగితం చుట్టి ఉంది. మొహానికి రాసుకునే క్రీము, సగం అయిపోయింది. కాజాలమ్మ దాన్ని వెలుతురులోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. పెళ్ళి రోజున కూడా పౌడరు వద్దన్న మనిషి. తల దువ్వుకోమంటే వేళ్ళతో దువ్వుకునే మనిషి. ఈ వయసులో దొంగచాటుగా సోకులు. ఎవరి కోసమో వేరే చెప్పాలా.

అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం. ఆ రోజు అన్నం వడ్డిస్తూ, "ఈ మధ్య మొహం కళకళలాడుతోందే" అని మాత్రం అంది.

"వేడి పొక్కులు లేస్తే మందుల షాపతను ఏదో ఇచ్చాడు" అన్నాడు మాస్టరు పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"ఓహో. వేడి."

నిజానికి ఆ క్రీము రాసిన కొత్తలో మొహం తేటగా అయింది. రాయడం ఒక్కరోజు ఆపితే ముందుకన్నా ఎక్కువ మండేది. మళ్ళీ రాసేవాడు. అలా కొన్నాళ్ళకు బుగ్గల మీద, ముక్కు మీద మొటిమల్లాంటి చిన్న గుల్లలు లేచాయి, సన్నటి ఎర్రటి గీతలు తేలాయి. ఈ వయసులో మొటిమలేమిటని కాజాలమ్మ నిమ్మకాయ చెక్క తెచ్చి ఆయన మొహం మీద బరబర రుద్దింది. పసిపిల్లాడిలా కేక పెట్టాడు. మర్నాడు గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దుప్పటి కప్పి, ఆవిరి పట్టించింది. ఆ ఆవిరమ్మ ఆవిరి పనికొస్తే నా ఆవిరి పనికిరాదా అని మనసులో ఉంది మరి. దుప్పట్లోంచి బయటికొచ్చిన మొహం చూసి ఆమెకే జడుపు పుట్టింది.

ఇంతలో అసలు చిక్కు వచ్చిపడింది. పాత ఖాతాదారు ఒకాయన కొలతలిస్తూ, మాస్టరు ముక్కునూ కళ్ళనూ ఒకటికి రెండుసార్లు చూసి, బయటికెళ్ళాక షాపాయన చెవిలో ఏదో ఊదాడు. షాపాయన మొహమాటపడుతూనే వచ్చి, "మాస్టరూ, నువ్వు తాగవని నాకు తెలుసు. చూసేవాళ్ళకు తెలియదు కదా. కొన్నాళ్ళు వెనక గదిలో కటింగ్ చేసుకో, కొలతలు నేను తీస్తాను" అన్నాడు.

మాస్టరు మెడలో టేపు తీసి, చుట్టి, బల్ల మీద పెట్టాడు. చుక్క ముట్టని మనిషి. కాజాలమ్మకు ఎంత అసూయ ఉన్నా ఆ టేపు చుట్టిన తీరు చూసి గుండె కలుక్కుమంది.

సాయంత్రం ఆవిరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "వదినా, ఏమీ అనుకోకు. అన్నయ్య మొహం చర్మం డాక్టరుకు చూపించు. అవి మొటిమలు కావు. నేను చూస్తూనే ఉన్నా, రోజురోజుకీ ఎక్కువవుతోంది" అంది.

చూస్తూనే ఉందట. కాజాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొగుడి మొహం చూడమని నీకెవరు చెప్పారమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆ మింగిన మాట అరగక రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. చివరికి తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వస్తే తీసుకెళ్ళేది తనే. ఇంకొకత్తి తీసుకెళ్ళేదాకా ఊరుకునేది లేదు.

చర్మం డాక్టరమ్మ చిన్నపిల్లే, మాస్టరుకు కూతురయ్యే వయసుంటుంది. తళతళలాడే కళ్ళజోడు. మాస్టరు మొహాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎప్పటి నుంచి ఉందండీ? ఎప్పుడెప్పుడు ఎర్రబడుతుంది?"

"ఏమోనండి" అన్నాడు మాస్టరు. "మండినప్పుడు తెలుస్తుంది. నా మొహం నాకు కనబడదు కదా."

"కొంచెం గుర్తు తెచ్చుకోండి. అది తెలిస్తేనే వైద్యం. చాలామంది ఇక్కడే తడబడతారు."

అప్పుడు కాజాలమ్మ నోరు విప్పింది. ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా వరసపెట్టి బయటికొచ్చింది. "నన్నడగండి డాక్టరమ్మా. మా షాపులో ఇస్త్రీ చేసే ఆవిడ ఒకత్తి ఉంది. ఆవిడ బల్ల దగ్గర నిలబడితే ఎర్రబడతాడు. ఎక్కువసేపు నిలబడితే ఎక్కువ, తక్కువసేపైతే తక్కువ. ఆవిడ టీ పోసిస్తే ఎర్రబడతాడు. చల్లారిపోయిన టీ ఇచ్చిన రోజు మాత్రం లేదు, ఆ రోజు వాళ్ళిద్దరికీ ఏదో మాటా మాటా వచ్చిందనుకున్నా. ఆవిడతో ఎండలో తానులు మోస్తే ఎర్రబడతాడు. వాన రోజు మోస్తే లేదు."

డాక్టరమ్మ రాయడం ఆపి చూసింది. "ఆవిడ దగ్గర లేనప్పుడు?"

"ఇంట్లో కూడా ఒక్కోసారి. కూరలో కారం ఎక్కువైన రోజు. తింటూ తింటూ ఆవిడ గుర్తొచ్చి ఉంటుందనుకున్నా."

మాస్టరు నోరు తెరుచుకుని పెళ్ళాన్ని చూస్తున్నాడు. ఇస్త్రీ చేసే ఆవిడకూ తన మొహానికీ ముడి ఎక్కడ పడిందో ఆయనకు అంతుపట్టలేదు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అమ్మా, నా దగ్గరికొచ్చే వాళ్ళందరికీ మీలాంటి మనిషి ఇంట్లో ఉంటే నా పని సగం అయిపోయినట్టే. మీరు చెప్పినదాంట్లో ఆవిడను తీసేసి చూడండి. ఏం మిగిలింది? ఆవిరి, వేడి టీ, ఎండ, కారం. అంతే కదా."

కాజాలమ్మ మనసులో ఆవిడను తీసేసి చూసింది. నిజంగా అంతే మిగిలింది.

"దీన్ని రొజేషియా అంటారు" అంది డాక్టరమ్మ. "మొహంలో ఉండే సన్నటి రక్తనాళాలు చిన్నదానికీ పెద్దదానికీ వెడల్పయిపోతాయి. అందుకే ఆ ఎరుపు, మంట, గుల్లలు. అంటుకునే జబ్బు కాదు. తాగుడు వల్ల వచ్చిందీ కాదు, తాగని వాళ్ళకూ వస్తుంది. ఈ రంగు చర్మంలో ఎరుపు సరిగా తెలియక చాలామంది మొటిమలనుకుని వదిలేస్తారు. కళ్ళల్లో ఇసక పడ్డట్టుంటుందా?"

"ఉంటుంది" అన్నారు మొగుడూ పెళ్ళాం ఒకేసారి.

"అదీ దీనిదే. కళ్ళ డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి, అశ్రద్ధ చేయొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

మాస్టరు ఆలోచించాడు. "మా అమ్మ మొహం ఎప్పుడూ ఎర్రగా ఉండేది. కోపిష్టి మనిషని వీధి వీధంతా భయపడేది."

కాజాలమ్మకు అత్తగారు పొయ్యి ముందు నుంచి లేచి వచ్చినప్పుడల్లా, ఈ రోజు నా మీదే ఏదో కోపంగా ఉందని వణికిపోయిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ చనిపోయేదాకా పెదవి విప్పి ఎదురుగా నవ్వింది లేదు తను. ఆ కోపంలో ఎంత కోపమో, ఎంత పొయ్యి వేడో ఇప్పుడెవరు చెప్పాలి.

మాస్టరు జేబులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ మొహం మొదటిసారి గంభీరమైంది. "కొంప ముంచింది ఇదే. దీంట్లో స్టెరాయిడ్ ఉంది. ముందు తగ్గినట్టే తగ్గించి, తర్వాత రెట్టింపు చేస్తుంది. ఇక రాయొద్దు. మానేశాక కొన్నాళ్ళు ఇంకా ఎక్కువవుతుంది, భయపడి మళ్ళీ మొదలుపెట్టొద్దు." నిమ్మకాయ సంగతి, మరిగే నీళ్ళ సంగతి కూడా విని, కాజాలమ్మ వైపు ఒక్క చూపు చూసింది. కాజాలమ్మ తన గళ్ళ సంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంది.

రాసుకోవడానికి జెల్, సువాసనలు లేని సబ్బు, మాయిశ్చరైజరు, బయటికెళ్ళేముందు సన్‌స్క్రీన్, తలమీద టోపీ. మొహం రుద్దకూడదు, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. టీ చల్లారాక తాగాలి. ఆవిరికి దూరంగా ఉండాలి. పూర్తిగా పోదు గాని చెప్పుచేతల్లో ఉంటుందని చెప్పి, డాక్టరమ్మ ఇంకో మాట కలిపింది. "మనసు కూడా ముఖ్యమే. కోపం, దిగులు, సిగ్గు, వీటికి కూడా ఎర్రబడుతుంది."

లేవబోతున్న కాజాలమ్మ ఆగింది. "మరి ఏది దేనికి వచ్చిందో ఎలా తెలుస్తుంది?"

"మొహం చూసి చెప్పలేమమ్మా. సిగ్గుకైనా టీకైనా అదే ఎరుపు."

బయటికొచ్చాక కాజాలమ్మకు రెక్కలొచ్చినట్టయింది. ఆవిరమ్మ లేదు, ఏమీ లేదు, అంతా నీళ్ళ పొగ. వీధి మలుపు దాకా ఆమె కాళ్ళు నేల మీద లేవు. మలుపు దగ్గర టీ కొట్టు కనబడింది. గాజు గ్లాసుల్లోంచి పొగలు లేస్తున్నాయి. కాజాలమ్మ నడక ఆగిపోయింది.

ఆ రోజు. తను షాపులో మొదటిసారి అడుగుపెట్టిన రోజు. అప్పటికి ఆయన మాస్టరు కాదు, పెద్ద మాస్టరు కింద పని నేర్చుకుంటున్న మనిషి. మధ్యాహ్నం. భుజం మీద బట్టల తాను వేసుకుని, ఎండలోంచి అప్పుడే వచ్చాడు. పెద్ద మాస్టరు ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చాడు. గ్లాసులోంచి పొగలు లేస్తున్నాయి. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతూ, బాగుంటుందని ఆ పొగల సంగతి కూడా తనే కలిపి చెప్పేది.

ఎండ, టీ. రెండూ ఉన్నాయి. తను వాటి పక్కన నిలబడింది, అంతే.

డాక్టరమ్మ ముందు ఆవిరమ్మను తీసేసినట్టే ఇప్పుడు తననూ తీసేసి చూసింది. ఎరుపు ఎరుపులాగే మిగిలింది. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఇస్త్రీ ఆవిడ మీద అసూయ పడితే అర్థముంది, ఆవిడ మనిషి. ఒక గాజు గ్లాసు మీద, అదీ ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది, దాని మీద అసూయ పడుతున్న ఆడదాన్ని ఎవరితో చెప్పుకోవాలి.

ఆ తర్వాత ఆమె వైద్యం మాత్రం లోటు లేకుండా చేయించింది. క్రీము మానేశాక మొహం నిజంగానే భగ్గుమంది. మాస్టరు బెంబేలుపడి మందుల షాపు వైపు చూస్తే, చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. కూరలో కారం తగ్గించింది. టీ పోసి, చల్లారేదాకా గ్లాసుకు కాపలా కూర్చుంది. అలా కూర్చున్నప్పుడల్లా ఆ గ్లాసును పళ్ళు కొరుకుతూ చూసేది. షాపులో ఆవిరమ్మ విషయం విని, తనంతట తనే మిషనును వెనక తలుపు దగ్గరికి జరిపించి, పక్కన ఫ్యాను పెట్టించింది. "బట్ట తడిమి చూడాలంటే చల్లారాక నేనే నీ బల్ల మీదికి తెస్తాలే అన్నయ్యా" అంది. కాజాలమ్మ ఆవిడకు థాంక్స్ చెప్పింది గాని, పంటి బిగువునే చెప్పింది. పాత అలవాటు అంత తొందరగా పోదు.

వారాలు గడిచేకొద్దీ గుల్లలు అణిగాయి. మంట తగ్గింది. షాపాయన ఒక రోజు వెనక గదికొచ్చి, టేపు చేతికిచ్చి, "ముందుకు రా మాస్టరూ, నేను తీసిన కొలతలకు మూడు కోట్లు ఒంటికి సరిపోక తిరిగొచ్చాయి" అన్నాడు. మాస్టరు టేపు మెడలో వేసుకుని, అప్పుడెప్పుడో ఆపిన చోటు నుంచే పని మొదలుపెట్టాడు.

ఆ మొహం ఇప్పుడు తేటగా, నెమ్మదిగా ఉంటోంది. కాజాలమ్మకు మాత్రం చదవడానికి అక్షరం ముక్క దొరకడం లేదు. ఇంటికొచ్చినవాళ్ళు, "మీ ఆయన నిన్ను చూసి ఎర్రబడ్డాడటగా" అని సరదాకి కదిలించినా, "ఆ ఏదోలే" అని లోపలికి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం, షాపు కట్టేయబోయే ముందు, ఇక మోయలేకపోయింది. షాపాయన వెళ్ళిపోయాడు. ఆవిరమ్మ వెనకాల మిషనులో నీళ్ళు వంపేస్తోంది. మాస్టరు బల్ల మీద సుద్దపొడి తుడుస్తున్నాడు.

"ఇదుగో, ఒక మాట అడుగుతా, నిజం చెప్పండి. నేను షాపుకు వచ్చిన మొదటి రోజు మీరు ఎందుకు ఎర్రబడ్డారు?"

"ఎర్రబడ్డానా?"

"ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నానుగా."

"నువ్వు అందరికీ చెబుతుంటే సరదాకి కల్పించావనుకున్నా." మాస్టరు గుడ్డ దులిపాడు. "ఎండలోంచి వచ్చా కదా ఆ రోజు. టీ కూడా తాగినట్టున్నా. ఎర్రబడే ఉంటా."

అదీ ఆయన జవాబు. అబద్ధం ఆడటం చేతకాని మనిషిని కట్టుకున్నందుకు కాజాలమ్మ తనను తానే తిట్టుకుంది. కళ్ళు మసకబారితే కనబడకుండా ఉండాలని ఒళ్ళో సంచీలోకి చెయ్యి పెట్టి, ఉన్న రీళ్ళనే మళ్ళీ మళ్ళీ సర్దింది.

"ఆ రోజు సంగతి నాకు గుర్తున్నదల్లా అది" అన్నాడు మాస్టరు.

"ఏది?"

గడ్డంతో ఆమె ఒళ్ళోకి చూపించాడు. "ఆ చెయ్యి."

"ఏ చెయ్యి?"

"నీ సంచీనే. కోటు చెయ్యి కదా అది." మాస్టరు వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. పెద్ద మాస్టరు పోయి ఎన్నేళ్ళయినా ఆయనకింకా భయమే. "ఆ రోజు నేను రెండూ ఎడమ చేతులే కత్తిరించా. గళ్ళ బట్ట, గళ్ళు కలవాలంటే ఒక్కొక్క చెయ్యీ విడిగా కత్తిరించాలి. ఒకటి అయ్యాక తలెత్తా. నువ్వు అదిగో ఆ మూల కూర్చుని, సూదిలో దారం ఎక్కించలేక, నాలిక బయటపెట్టి తంటాలు పడుతున్నావ్. మళ్ళీ తల దించి రెండోది కత్తిరించా. రెండో చేతికి నమూనా కాగితం తిరగేసి పెట్టాలన్న సంగతి బుర్రలోంచి పోయింది."

కాజాలమ్మ రీళ్ళు సర్దడం ఆపింది.

"పెద్ద మాస్టరు చూస్తే చంపేసేవాడు. చీకటి పడకముందే పరుగెత్తి అదే బట్ట ఇంకో ముక్క తెచ్చి, కుడి చెయ్యి కత్తిరించి కోటు పూర్తిచేశా. ఇదెక్కడ దాచాలో తెలియలేదు. కాజాలు నేర్చుకోమని నీకు ఇచ్చేశా."

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదే?"

"తప్పు కత్తిరించానని ఎవడైనా చెప్పుకుంటాడా" అన్నాడు మాస్టరు.

ఆమె సంచీని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పరిచింది. కాజాల కింద, గళ్ళ కింద, మోచేతి వంపు కనబడింది. వంపు ఎటువైపుందో చూసింది. ఎన్ని వందల కోటు చేతులకు లోపలి అంచులు కుట్టింది తను, ఏది ఎడమో ఏది కుడో చీకట్లో తడిమి చెప్పగలదు. దీన్ని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా చూడలేదు.

వెనక ఆవిరమ్మ మిషను మూత పెట్టిన చప్పుడైంది. కాజాలమ్మ లోపల పాత పురుగు ఇంకొక్కసారి తొలిచింది. "ఆ తర్వాత ఇంకెప్పుడైనా కత్తిరించారా అలా?"

"ఎలా?"

"తప్పుగా."

"లేదు."

"ఈ ఆవిరి మిషను వచ్చినప్పటి నుంచి? ఒక్కటైనా?"

మాస్టరు తుడిచే గుడ్డ బల్ల మీద పెట్టి, నిటారుగా నిలబడ్డాడు. "ఎవరన్నారు? షాపాయన అన్నాడా? నా చేతిలోంచి ఒక్క చెయ్యి అటుదిటు పోయిందేమో చూపించమను."

"ఎవరూ అనలేదు లెండి."

"అనకుండా నువ్వెందుకు అడుగుతావ్?"

ఆవిరమ్మ సంచీ తగిలించుకుని, "వెళ్ళొస్తా వదినా" అంటూ బయటికొచ్చింది. "జాగ్రత్తమ్మా, రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి, చూసుకుని వెళ్ళు" అంది కాజాలమ్మ. ఆవిరమ్మ ఒక్క క్షణం నిలబడి, తనతోనే అన్నదా అని చుట్టూ చూసి, నవ్వి వెళ్ళిపోయింది.

మాస్టరు షట్టరు దించి తాళం వేశాడు. ఇల్లు చేరేదాకా ఆయన ఊరుకోలేదు. తన కటింగ్‌కు వంక పెట్టిన వాడెవడో పేరు చెప్పమంటాడు, చేతులు ఊపుతాడు, నడుస్తూ నడుస్తూ ఆగిపోతాడు. కోపానికి కూడా ఎర్రబడుతుందని డాక్టరమ్మ చెప్పింది. వీధి దీపాల కింద ఆయన మొహం ఎర్రబడిందో లేదో కాజాలమ్మ చూడలేదు. గళ్ళ సంచీని చంకలో పెట్టుకుని నడుస్తూ ఉంది.